మరీ తిన్నగా వచ్చిన గీత

2024 వర్షాకాలం. మా పాపకి అప్పటికి ఐదో నెల. ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ పనిలో చేరాను. చేరడమంటే బస్సెక్కి ఎక్కడికో వెళ్ళడం కాదు, అమలాపురంలో మా అత్తవారింటి మేడ మీద గదిలో ఉయ్యాల పక్కన లాప్‌టాప్ తెరుచుకుని కూర్చోవడమే. మావారి ఉద్యోగం కాకినాడలో, శనివారాలు వస్తారు. కింద అత్తయ్యగారు ఉంటారు. పాప ఏడుపు నాకంటే ముందు ఆవిడకే వినబడుతుంది.

నా ఉద్యోగం పేరు చెబితే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. లాటిస్ ఫీల్డ్ థియరీ అనే భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తాను. అత్తయ్యగారు మాత్రం ఇరుగుపొరుగు వాళ్ళకి "కంప్యూటర్లో లెక్కలు చేస్తుందండి, ఆ లెక్కలు ఇంకా తేలలేదు" అని చెబుతారు. నిజానికి అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను. అయినా ఆ ఏడాది జరిగిన ఒక సంగతి అర్థం కావాలంటే కాస్త వివరం కావాలి, ఓపిక పట్టండి.

లాటిస్ అంటే గళ్ళ అల్లిక. ప్రోటాన్ లోపల క్వార్కులు ఎలా కలిసి ఉంటాయో కాగితం మీద సమీకరణాలతో పూర్తిగా తేల్చలేం. అందుకని స్థలాన్నీ కాలాన్నీ అతి చిన్న గళ్ళుగా విడగొట్టి, పెద్ద కంప్యూటరు చేత లెక్క కట్టిస్తాం. ప్రకృతిలో ఆ గళ్ళు లేవు, మనం వేసుకున్నవే. కాబట్టి వచ్చిన ప్రతి సంఖ్య మీదా మన గళ్ళ ముద్ర ఉంటుంది. అందులో మనదేదో, ప్రకృతిదేదో విడదీసే పనిని స్థూలంగా రీనార్మలైజేషన్ అంటాం.

దానికి ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి గ్రేడియంట్ ఫ్లో. లాటిస్ మీద విలువలు చాలా గరుకుగా ఉంటాయి, ఒక గడి నుంచి పక్క గడికి ఎగిరి దూకుతాయి. ఫ్లో వాటిని కొంచెం కొంచెంగా చదును చేస్తుంది. తడి గుడ్డ మీద సిరా చుక్క పడితే చుట్టూ పాకుతుంది కదా, అలా ఒక్కో చోటి విలువ ఇరుగుపొరుగు గళ్ళలోకి పాకుతుంది. ఎంత దూరం పాకనివ్వాలన్నది మన చేతిలో ఉంటుంది. ఆ దూరం గడి కంటే బాగా పెద్దదైతే గళ్ళ ముద్ర చెరుగుతుంది. మరీ పెద్దదైతే మనం చూడాలనుకున్నదే చెరిగిపోతుంది. మధ్యలో సన్నటి సందు ఒకటి ఉంటుంది. మా బతుకంతా ఆ సందులోనే.

ఇందులో ఒక వరస ఉంది. ముందు పాకే దూరాన్ని కదపకుండా ఉంచి, గళ్ళని చిన్నవి చేసుకుంటూ పోవాలి. అప్పుడు సంఖ్య ఒకచోట కుదురుకుంటుంది. దాన్ని కంటిన్యూమ్ లిమిట్ అంటారు. ఆ తరువాతే పాకే దూరాన్ని కూడా మెల్లగా సున్నా వైపు నడిపించి, కాగితం మీద చేసిన లెక్కతో జత కలపాలి. ముందు గళ్ళు, తరువాత దూరం.

మా గ్రూపు చిన్నది. నాకు పిహెచ్‌డి చేయించిన ప్రొఫెసరు గారే పెద్ద. అప్పుడు మేము తీసుకున్న సమస్య, కేయాన్ అనే కణం తన ప్రతికణంగా మారే ప్రక్రియలో అవసరమయ్యే ఒక సంఖ్య. అదే సంఖ్యని ఇద్దరం వేరువేరుగా కనుక్కోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు నేను. రెండో మనిషి లావణ్య, సార్ దగ్గర ఆఖరి ఏడాదిలో ఉన్న రీసెర్చ్ స్కాలరు. సొంతూరు కాట్రేనికోన.

ఇటువంటి పనిలో మాకొక ఆచారం ఉంది, బ్లైండింగ్ అంటారు. సార్ మా ఇద్దరి డేటానీ ఒక్కొక్క రహస్య సంఖ్యతో గుణించి ఇస్తారు. ఆ సంఖ్యలు ఆయనకి తప్ప ఎవరికీ తెలియవు. మేము ఎంత కష్టపడి ఏ విలువ తేల్చినా అది అసలు విలువ కాదు. ఎందుకిలా అంటే, పాత పరిశోధనల్లో ఎంత వచ్చిందో మాకు తెలుసు. తెలిసిన అంకె వైపు మనసు లాగుతుంది. అది కనబడగానే చెయ్యి ఆగిపోతుంది, కనబడకపోతే కనబడే దాకా తప్పులు వెతుకుతుంది. కళ్ళకి గంతలుంటే ఆ ప్రలోభం ఉండదు. ఇద్దరం ముగించాక సార్ తన దగ్గర పోల్చి చూసి, కలిసేయనో కలవలేదనో ఒక్క మాట చెబుతారు. కలిస్తేనే గంతలు విప్పుతాం. విప్పాక ఒక్క చుక్క కూడా మార్చకూడదు.

శ్రావణమాసంలో ఒక ఉదయం సార్ ఫోన్ చేశారు. పాపకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తున్నాం.

"కలవలేదమ్మా," అన్నారు.

"చిన్న తేడానా సార్?"

"కాదు. ఎర్రర్ బార్లు దాటిపోయింది."

ఎర్రర్ బార్ అంటే మా సంఖ్యని మేమే ఎంతవరకు నమ్ముతున్నామో చెప్పే గీత. అది దాటిందంటే ఇద్దరిలో ఒకరు తప్పన్నమాట.

ఆయన చాలా మెత్తగా, "నీకు నిద్ర సరిగ్గా ఉండటం లేదు కదా. ముందు నీదొకసారి చూసుకో," అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ మాట అనక ముందే నేనూ అదే అనుకున్నాను. పాప పుట్టిన దగ్గరనుంచీ ప్రపంచంలో ఏం తేడా వచ్చినా తప్పు నాదే అనిపించే జబ్బు పట్టుకుంది. పిల్ల తుమ్మితే నేను చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టినందుకే. ఎక్కువసేపు పడుకుంటే లేపి ఊపిరి చూసేదాన్ని. అటువంటి మనిషికి ఇద్దరిలో ఒకరు తప్పంటే ఆ ఒకరెవరో వేరే చెప్పాలా?

పైగా లావణ్య ప్లాట్ చూశాను. కలవనప్పుడు ఒకరి గ్రాఫులు ఒకరం చూడొచ్చు, నిలువు గీత మీది అంకెలు మాత్రం చెరిపేసి. మూడు సైజుల గళ్ళకి మూడు చుక్కలు. నావి ఏటవాలుగా దిగుతూ వచ్చి, ఆఖరికి పొడుగాటి ఎర్రర్ బారుతో, గడి సున్నా అయ్యే అంచుని తాకాయి. తనవి మూడూ ఒకే ఎత్తులో, తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉన్నాయి. బార్లు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. ఎవరికి చూపించినా తనదే ఒప్పంటారు. నేనూ అదే అనేదాన్ని.

పాప పడుకున్నప్పుడల్లా నా పని తిరగేశాను. ఒక చుక్క తీసేసి చూశాను, ఫ్లో సమీకరణాన్ని ఇంకో రకంగా రాసి చూశాను, మొత్తం ప్రోగ్రాము మళ్ళీ మొదటినుంచి రాశాను. ఏం చేసినా నా గీత నా గీతలాగే ఉంది. తప్పు దొరికితే ఏడ్చి ఊరుకునేదాన్ని. దొరకనందుకు భయం వేసింది.

ఇక్కడ లావణ్య పరిస్థితి చెప్పాలి. తన పిహెచ్‌డి గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి కుదరదు. ఏడాది ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, ఇన్నేళ్ళ చదువూ పోతుంది. థీసిస్‌లో సగం ఈ సంఖ్యే. ఇద్దరివీ కలవకుండా సార్ ఆ అధ్యాయం ఇవ్వనివ్వరు. వాళ్ళ నాన్నగారు మస్కట్‌లో క్రేను ఆపరేటరు. కూతురు డాక్టరు కాబోతోందని అక్కడి కార్మికుల క్యాంపంతా చెప్పుకున్నారు. అక్కడివాళ్ళేమో "డాక్టరమ్మని అడిగి మా మోకాలి నొప్పికి ఏదైనా మందు చెప్పించన్నా" అని వెంటపడుతున్నారట. ఇది లావణ్యే నవ్వుతూ చెప్పింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగాలేదని తను ఊరు వచ్చినప్పుడు, ఫోన్లలో కాదు, మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సు దిగి, వాళ్ళ చెరువు రొయ్యలు ఐసు డబ్బాలో పెట్టుకుని వచ్చింది.

"ఇవెందుకమ్మా?" అన్నారు అత్తయ్యగారు, డబ్బా అందుకుంటూనే.

"అమ్మ పంపిందండి. ఒట్టి చేతుల్తో వెళ్ళొద్దంది."

"ఇంతకీ మీ గొడవేంటి? ఈవిడ అన్నం తినదు, నువ్వు చూస్తే పుల్లలా ఉన్నావు."

"ఇద్దరి అంకెలూ కలవటం లేదండి."

"ఇంతేనా? మా రోజుల్లో జాతకాలు కలవకపోతే ఏడ్చేవాళ్ళు. మీకు అంకెలొచ్చేయా?" అంటూ రొయ్యలు ఒలవడానికి వెళ్ళిపోయారు.

మేడ మీదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాక లావణ్య అసలు మాట అంది.

"అక్కా, ఒక్క మాటండి. సార్‌ని గంతలు విప్పమందామా? ఎవరిది పాత విలువలతో కలిస్తే వాళ్ళది ఒప్పు. ఒక్క గంటలో తేలిపోద్ది."

"కలవడం ఒప్పవడం ఒకటి కాదు కదా లావణ్యా."

"తెలుసండి. నేను జూనియర్లకి చెప్పే మాటే అది. కానీ నాకు గడువు లేదక్కా."

ఆ పిల్ల మొహం చూస్తే కాదనలేకపోయాను. స్పీకరు పెట్టి సార్‌కి ఫోన్ చేశాను. లావణ్య మాట విని ఆయన కోప్పడలేదు. "ఒకసారి విప్పితే మళ్ళీ కట్టలేమమ్మా. ఆ తరువాత నువ్వు సరిదిద్దినా, సరిదిద్దేవో అటు లాగేవో నీకే తెలీదు. థీసిస్ మీద నీ పేరుంటుంది," అన్నారు. తరువాత, "తిరగేసి చెప్పుకున్నారా?" అని అడిగారు.

తిరగేసి చెప్పుకోవడం మా గ్రూపులో ఇంకో పద్ధతి. కలవనప్పుడు ఎవరి పనిని వాళ్ళు సమర్థించుకోకూడదు. ఎదుటివాళ్ళ పనిని మన పనిలాగా మొదటినుంచి చివరిదాకా పైకి చెప్పాలి. వాళ్ళు వింటూ ఉండాలి, నోరు మెదపకూడదు. సొంత పనైతే అలవాటైన చోట మనసు దాటేసుకుంటూ పోతుంది. పరాయి నోటినుంచి వింటే ప్రతి మాటా కొత్తగా తగులుతుంది.

ముందు లావణ్య నాది చెప్పింది. గోడ వైపు చూస్తూ, వైవాలో చెప్పినట్టు చెప్పింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఎక్కడైనా ఆగుతుందేమో, "ఇక్కడ అక్కా" అంటుందేమోనని. ఆగలేదు. పూర్తిచేసి, "బానే ఉందండి," అంది, కొంచెం నిరాశగా.

తరువాత నా వంతు. పాప లేచింది. ఒళ్ళో వేసుకుని, తన నోటి చుట్టూ తుడుస్తూ లావణ్య పని చెప్పడం మొదలుపెట్టాను.

"నా దగ్గర మూడు లాటిస్‌లు ఉన్నాయి. పెద్ద గళ్ళది, మధ్య రకం, సన్న గళ్ళది. పెద్ద గళ్ళ దాని మీద ఫ్లో నడిపించి, విలువల్ని మూడు గళ్ళ దూరం పాకనిచ్చేను. అక్కడ కొలత తీసేను. మధ్య రకం మీద కూడా మూడు గళ్ళ దూరం పాకనిచ్చేను. సన్న గళ్ళ దాని మీద..."

"ఆగండక్కా," అంది లావణ్య.

నోరు మెదపకూడదన్న నియమం గుర్తుచెయ్యబోయి, తన మొహం చూసి ఊరుకున్నాను.

"సన్న గళ్ళ మీద కూడా మూడేనండి," అంది. "కావాలనే అలా పెట్టేను. గడి సగమైతే అదే దూరం పాకడానికి ఫ్లోని నాలుగింతలు నడిపించాలి. కంప్యూటర్లో నా వాటా టైము సరిపోదు. అన్నిటికీ మూడు గళ్ళు పెట్టి చూస్తే చుక్కలు తిన్నగా వచ్చేయి. సరిపోయింది కదా అనుకున్నాను."

ఇద్దరికీ ఒకేసారి కనబడింది.

గళ్ళ ముద్ర చెరగాలంటే పాకే దూరంతో పోలిస్తే గడి చిన్నదవుతూ పోవాలి. గడితోపాటు దూరాన్ని కూడా చిన్నది చేస్తే రెంటి నిష్పత్తీ ఎప్పుడూ ఒకటే. ఒకే ఫోటోని చిన్నదిగా, ఇంకా చిన్నదిగా ప్రింటు వేయించుకుని, మూడు ఫోటోలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి మనిషి మారలేదు అన్నట్టు. చుక్కలు తిన్నగా వచ్చింది ముద్ర చెరిగిపోయినందుకు కాదు, మూడింటి మీదా ఒకే ముద్ర ఉన్నందుకు. ముందు గళ్ళు, తరువాత దూరం అన్న వరస తప్పి, తను రెండూ ఒకేసారి చేసేసింది. నా ఏటవాలు గీతలో కనబడ్డది తప్పు కాదు, చెరుగుతున్న ముద్ర.

నా తప్పు కాదని తేలింది కదా, సంతోషించానా? నిజం చెప్పాలంటే ఒక్క క్షణం భుజాల మీద బరువు దిగింది. మరుక్షణం ఎదురుగా కూర్చున్న మనిషికున్న గడువు గుర్తొచ్చింది. లావణ్య ఏడవలేదు. పాప పాదం పట్టుకుని వేళ్ళు సవరిస్తూ, "ఎంత బాగుందో కదండీ ఆ గీత," అంది.

భోజనాల దగ్గర ఇద్దరం కంచాల్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాం. అత్తయ్యగారు చూసి, "ఏమ్మా, రొయ్యల్లో ఉప్పు తక్కువైందా?" అన్నారు.

"లేదండి. తప్పు నాదని తేలిందండి," అంది లావణ్య.

"తేలింది కదా. ఇంక దిద్దుకో."

"దిద్దుకోడానికి కంప్యూటరు టైము లేదండి. నా వాటా అయిపోయింది."

"మరి మా అమ్మాయికి లేదా వాటా?"

అత్తయ్యగారికి మా పని తెలియదు. పక్కింటి వాళ్ళ మోటారు పాడైతే మన కుళాయిలో నీళ్ళు పట్టుకోమన్నంత మామూలుగా అన్నారు. నేను తలెత్తలేకపోయాను, ఎందుకంటే అప్పటిదాకా నేను అదే లెక్క వేసుకుంటున్నాను. నాకు మిగిలిన వాటా ఉంది. నా తరువాతి పని కోసం దాచుకున్నది. వేసవిలో నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని చూస్తారు. పిల్లతల్లి, ఇంటినుంచి పని, ఆ మీద చూపించడానికి కొత్త పని ఏమీ లేకపోతే?

చెయ్యి కడుక్కుని వచ్చి సార్‌కి మళ్ళీ ఫోన్ చేశాను.

"నా టైము లావణ్యకి మార్చండి సార్."

"నీ పని వెనకబడుతుంది."

"ఆయ్."

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచిస్తే ఇవ్వలేనేమో సార్. ఇప్పుడే మార్చెయ్యండి."

ఆయన నవ్వారు. ఈ సంగతంతటిలో ఆయన నవ్వడం అదొక్కసారే.

ఆ తరువాత పనంతా లావణ్యదే. మూడు లాటిస్‌ల మీదా పాకే దూరాన్ని ఒకటే ఉంచింది, గళ్ళ లెక్కలో కాదు, అసలు దూరంలో. సన్న గళ్ళ మీద ఫ్లో నత్తలా నడిచింది. మధ్యలో కంప్యూటరు మరమ్మతుకని ఆపేశారు. అన్నాళ్ళూ లావణ్య నుంచి "ఇంకా ఆన్ అవలేదండి" అన్న మెసేజీ తప్ప ఇంకో మాట లేదు. నేను ఏం చెయ్యగలను? పాప ఫోటోలు పంపేదాన్ని. పళ్ళు వచ్చేయా అని అడిగేది.

కార్తీకం వెళ్ళాక కొత్త ప్లాట్ పంపింది. ఈసారి చుక్కలు ఏటవాలుగా ఉన్నాయి. ఎర్రర్ బార్లు నావాటికంటే పొడుగు. కింద ఒక్క వాక్యం రాసింది. "చూడ్డానికి ఏం బాలేదు కదక్కా."

సాయంత్రానికి సార్ దగ్గరనుంచి ఇద్దరికీ ఒకే మెసేజీ వచ్చింది. "కలిసేయి."

మర్నాడు వీడియో కాల్‌లో గంతలు విప్పారు. సార్ రెండు రహస్య సంఖ్యలూ చదివారు, ఎవరిది వాళ్ళు భాగించుకున్నాం. నా చేతిలో పాప ఉంటే ఒంటి చేత్తో అంకెలు కొట్టాను. మా సంఖ్య పాత విలువలకి దగ్గరలోనే ఉంది, సరిగ్గా వాటి మీద లేదు. దాని గురించి ఇప్పటికీ వాదించుకుంటున్నాం. మా ఇద్దరివీ మాత్రం ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. లావణ్య తెర మీద రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. గడువులోగా థీసిస్ ఇచ్చింది.

వైవా తరువాతి ఏడాది జరిగింది. ఆన్‌లైన్‌లో చూశాను. చిన్న చిన్న పెట్టెల్లో ఒకదానిలో వాళ్ళ నాన్నగారు, మస్కట్‌లో పని మధ్యలో, హెల్మెట్టు తియ్యకుండానే కూర్చుని ఉన్నారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూతురు మాట ఆపినప్పుడల్లా తలాడిస్తున్నారు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. చివర్లో అడిగారు. "సన్న గళ్ళ మీద ఫ్లోని ఇంత దూరం నడిపించడానికి ఇంత కంప్యూటరు సమయం ఖర్చు పెట్టారు. అన్నిటి మీదా ఒకే గళ్ళ లెక్కలో ఆపి ఉంటే సరిపోయేది కాదా?"

ఒళ్ళో పాప బిగుసుకుంది, నేను గట్టిగా పట్టుకున్నందుకేమో.

లావణ్య తడబడలేదు. "నేను మొదట అలాగే చేసేను సార్," అంది. అడగక ముందే సిద్ధంగా పెట్టుకున్న స్లైడు తీసింది. తెర నిండా ఆ పాత గీత, తాడు లాగి కట్టినట్టు. "ఇదండి. నా థీసిస్ మొత్తంలో ఇంత అందమైన గ్రాఫు ఇంకోటి లేదు. ఇది ఎందుకు తప్పో చెబుతాను."

చెప్పింది. "గళ్ళు మార్చేను గానీ, దేన్ని కదపకుండా ఉంచేనని ప్రశ్నించుకోలేదు సార్," అని మొదలుపెట్టి, నేను చెప్పగలిగినదానికంటే బాగా చెప్పింది. ఆ పెద్దాయన పెన్ను పక్కన పెట్టేసి విన్నారు.

నా కాంట్రాక్టు ఆ వేసవిలో ఒక్క ఏడాదికే పొడిగించారు. మళ్ళీ ఏమవుతుందో తెలియదు. భయం పోలేదు, ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాను. కానీ తేడా వచ్చిన ప్రతిచోటా తప్పు నాదేనని కళ్ళు మూసుకుని ఒప్పుకోవడం మాత్రం తగ్గింది. అదీ ఒక రకం తిన్నని గీతే. ఎప్పుడు చూసినా ఒకే జవాబు వస్తుంది, ఎందుకంటే ఎప్పుడూ ఒకేలా చూస్తాం.

ఇప్పుడు జూనియర్లు చక్కటి ప్లాట్ పంపినప్పుడు బాగుందని రాసి, కింద ఒక్క ప్రశ్న అడుగుతాను. గళ్ళు మార్చేవు సరే, దేన్ని కదపకుండా ఉంచేవు? ఆ ప్రశ్న నాది కాదని, లావణ్యదని కూడా రాస్తాను.